తప్పు చెక్కది

తుపాకీల మేస్త్రి దుకాణంలో మాటలకు కొరత లేదు, కుర్చీలకే కొరత. ఉన్న ఒక్క కుర్చీలోనూ ఎప్పుడూ ఏదో ఒక తుపాకీ విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది, వచ్చిన మనుషులు నిలబడే మాట్లాడుకోవాలి. ఆ పొద్దున రైఫిల్ భుజాన వేసుకుని వచ్చిన అమ్మాయి కూడా నిలబడే ఉంది. ఆమెను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు కాబట్టి మేస్త్రి రైఫిల్ అందుకోకముందే నోరు తెరిచాడు.

"...అందుకే అంటున్నా, తుపాకీ చెక్క ఉబ్బలేదంటే నేను నమ్మను. ఈ ఏడు వానలకి మా ఇంటి తలుపులే మూసుకోవడం మానేశాయి. ఇలా ఇవ్వు. అబ్బ, బరువేమీ తగ్గలేదే! మీ నాన్న పోయి నాలుగేళ్లయిందా?"

"ఐదు."

"ఐదా! లైసెన్సు నీ పేరుకి మార్పించడానికి వెళ్లినప్పుడు ఆ గుమాస్తా అన్నాడు చూడు, ఆడపిల్లకి తుపాకీ ఎందుకమ్మా అని. పంటకొచ్చే పందులు ఆడా మగా చూసి రావట్లేదండీ అన్నావు. ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంటా."

"చెక్కలో ఇనుము కూర్చునే బెడ్డింగ్ చూడాలి మేస్త్రిగారూ."

"చూస్తానమ్మా, చూడక ఎక్కడికి పోతాను. తోక ఏడీ?"

"ఏ తోక?"

"మీ తమ్ముడు. నువ్వెక్కడుంటే వాడక్కడ. నా బల్ల మీద మరలన్నీ కలగాపులగం చేసి పోయేవాడు కదా. రాలేదా చిన్నోడు?"

"రాలేదు."

"పెద్దవాడైపోయాడన్నమాట, అక్క వెంట రావడానికి నామోషీ. పెళ్లి గిళ్లి ఏమైనా—"

"గొట్టానికీ చెక్కకీ మధ్య కాగితం దూరుతోందో లేదో చూడండి."

"నాకే పాఠం! మీ నాన్న నీకు నేర్పాడు, మీ నాన్నకి నేర్పిందెవరు? ఇదిగో కాగితం. ఇక్కడ పెట్టి లాగుతున్నా... దూరుతోంది. ఇక్కడిదాకా ఎక్కడా తగల్లేదు."

"అయితే లోపల చూడండి. ఇనుము కూర్చునే గూడు. అది పాడైపోయి ఉంటుంది."

"పాడైపోయి ఉంటుందని నువ్వే తేల్చేస్తే నేనెందుకు? రెండేళ్ల కిందట నా చేత్తో జిగురు పోసి చేసిన బెడ్డింగ్ అది. సరే, తూటా ఎటు పోతోంది?"

"గురిపెట్టిన చోటికి పోలేదు."

"అది సరేలే. పైకా, కిందకా, పక్కకా?"

"పక్కకి."

"ఏ పక్కకి?"

"ఎన్నిసార్లు పోయిందని అడగరా?"

"సరే తల్లీ, ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"ఒక్కసారికే ఇంత దూరం మోసుకొచ్చావా! గాలి ఉండొచ్చు. నీ ఊపిరి కదిలి ఉండొచ్చు. ట్రిగ్గర్ లాగేటప్పుడు వేలు కాస్త తొందరపడినా—"

"ఊపిరి కదల్లేదు. వేలు తొందరపడలేదు."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"రోజూ గుర్తు చేసుకుంటున్నాను. కదల్లేదు."

"ఎంత దూరం పోయింది పక్కకి?"

"మూరెడు."

"మూరెడా? ఎక్కడ కొలిచావు, గురి అట్ట మీదేనా?"

"అట్ట కాదు. చేలో."

"చేలో ఎలా కొలుస్తావమ్మా? తూటా మట్టిలోకి దిగిపోతే వెతకడానికే నాలుగు రోజులు—"

"మట్టిలోకి పోలేదు."

"మరి?"

"చిన్నోడికి తగిలింది."

"ఏమన్నావు?"

"చిన్నోడికి తగిలింది మేస్త్రిగారూ. మెడ కింద."

"తగిలిందంటే... ఆసుపత్రిలో..."

"ఆసుపత్రిదాకా పోలేదు. గట్టు మీదే పోయాడు. నలభై రెండు రోజులైంది."

"ఏమే! ఏమే, ఇలా రా. నీళ్లు తీసుకుని రా. ఆ కుర్చీలో ఉన్న తుపాకీ తియ్యి."

"వస్తున్నానండీ, ఇల్లు కాలిపోతున్నట్టు ఏంటా కేకలు... ఎవరూ, పెద్దమ్మాయా! ఎన్నాళ్లకి వచ్చావమ్మా. ఏంటలా ఉన్నావు? ఏమండీ, ఏమైంది?"

"వీళ్ల చిన్నోడు పోయాడే."

"అయ్యో!"

"నా చేతిలో పోయాడండి. ఈ తుపాకీతో. పందిని కొట్టబోతే."

"కూర్చో తల్లీ. ముందు కూర్చో. నీళ్లు తాగు."

"నిలబడతాను. తాగుతాను, ఇవ్వండి."

"పోలీసులేమన్నారమ్మా?"

"ప్రమాదం అని రాసుకున్నారు మేస్త్రిగారూ. తుపాకీ నెల్లాళ్లు ఉంచుకుని ఇచ్చేశారు. ఇది బాగుందో లేదో వాళ్లు చూడలేదు. ప్రమాదం అన్నాక చూడక్కర్లేదన్నారు."

"అసలెలా... వద్దులే. చెప్పొద్దులే."

"చెప్తాను, ఏం లేదు. తెల్లవారుతోంది. మంచు ఉంది. నేను మంచె మీదున్నాను. వాడు కాలవ వైపు నుంచి చప్పుడు చేస్తూ పందుల్ని తోలుకురావాలి. రోజూ అంతే. ఆ రోజు చప్పుడు చెయ్యకుండా వచ్చాడు. ఎందుకో తెలీదు. నాకు పంది ఒక్కటే కనిపించింది. చెవి, మెడ. మెడ మీద పెట్టాను. నాన్న చెప్పినట్టే ఊపిరి సగం వదిలి ఆపాను. కొట్టాను. పంది పారిపోయింది. కంకులు పక్కకి ఒరిగాయి. వాడు పందికి మూరెడు దూరంలో వంగి ఉన్నాడు."

"రామరామ..."

"అందుకే బెడ్డింగ్ చూడాలి."

"అమ్మాయ్, ఇప్పుడు చూస్తే ఏమొస్తుందమ్మా?"

"చిన్నోడు రాడండి, తెలుసు. మా అమ్మకి చెప్పాలి. అమ్మ నన్నేమీ అనలేదు. వండితే తింటోంది. మంచం వేస్తే పడుకుంటోంది. నా వైపు మాత్రం చూడదు. నేను గదిలోకి వస్తే గోడ చూస్తుంది. మొన్న మొదటిసారి నోరు విప్పింది. తుపాకీ బాగానే ఉందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"మేస్త్రిగారు చెప్పాలి అన్నాను. అయితే అడిగి రా అంది. మీరు ఏది చెప్తే అది నమ్ముతుంది. నేనూ అంతే. చెక్కదా, నాదా. అదొక్కటే నాకు కావాలి. చెక్కదైతే కొత్త బెడ్డింగ్ వెయ్యండి. నాదైతే... నాదైతే వెయ్యక్కర్లేదు."

"ఏమైనా తిన్నావా తల్లీ పొద్దున్నుంచి? ఆకలిగా లేదూ?"

"తినే ఉంటానండి."

"నాలుగు రోజులు ఉంచమ్మా. చూసి చెప్తాను."

"నాలుగు రోజులకి వస్తాను."

మర్నాడు మేస్త్రి రైఫిల్‌ను బల్లకున్న వైజు పట్టులో బిగించాడు. ఇలాంటి పరీక్షలు అతను ఒక్కడే చెయ్యలేడు. ఈ సంగతి గిరాకీలకు తెలియదు, అతను చెప్పుకోడు కూడా.

"ఏమే, వచ్చి వేలు పెట్టు."

"పప్పు పొయ్యి మీదుందండీ."

"పప్పు ఎక్కడికీ పారిపోదు. రా. గొట్టం, చెక్క కలిసే చోట. సగం వేలు గొట్టం మీద, సగం చెక్క మీద."

"ఇది నాకు కొత్తా? పెళ్లయిన మూడో రోజే పెట్టించారు. మీ వేలికేమైందో అప్పుడూ చెప్పలేదు."

"నా వేళ్లకి తోలు లేదే, చెప్పుల అట్ట ఉంది. ఏనుగు కదిలినా తెలీదు. ముందు మర వదులు చేస్తున్నా. గొట్టం కొంచెం లేచినట్టు అనిపించినా చెప్పు. లేచిందంటే లోపల ఇనుము సరిగా కూర్చోలేదని."

"వదిలారా?"

"వదిలా. కదిలిందా?"

"లేదు."

"మళ్లీ బిగించి వదులుతా. కళ్లు మూసుకుని చూడు."

"లేదండీ."

"వెనక మర కూడా వదులుతున్నా. సరిగ్గా చూడు. కొంచెం... వెంట్రుకవాసి..."

"మీరు అలా అడిగితే నా వేలు అబద్ధం చెప్పదు కదా. చీమ కూడా పాకలేదు."

"పాకలేదా."

"రాయిలా కూర్చుంది. మైదానంలో కొట్టి చూస్తానన్నారు, చూశారా?"

"పొద్దున్నే వెళ్లొచ్చా. అదిగో అట్ట."

"ఒక్కటే కొట్టారా?"

"ఐదు."

"ఒక్క చిల్లే కదా ఉంది."

"ఐదూ అందులోనే పోయాయి."

"అయితే..."

"అయితే ఏముంది. నా జన్మలో ఇంత బాగా కూర్చోబెట్టిన ఇనుము ఇంకోటి లేదు. ఇంకెప్పుడైనా అయితే ఈ అట్టకి పటం కట్టించేవాణ్ణి."

"ఆ పిల్లకి ఏం చెప్తారు?"

"ఉన్నది చెప్తా."

"ఉన్నది చెప్తే ఆ పిల్ల ఇంటికెళ్లి ఏం చేస్తుంది?"

"నాకేం తెలుసు?"

"తెలుసు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కళ్లు చూశారా? రెప్పవెయ్యడం కూడా మర్చిపోయింది. తిన్నావా అంటే తినే ఉంటాను అంటుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఒక తల్లి కూతురి మొహం చూడ్డానికి ఒక్కటి ఆడలేరా?"

"ఆ ఒక్కటీ ఏంటో తెలుసా నీకు? బెడ్డింగ్ చేసింది నేను. చెక్క తప్పంటే నా పని తప్పని. నా చేతిపని మనిషి ప్రాణం తీసిందని. ఊరంతా చెప్పుకుంటారు. రేపట్నుంచి ఈ గుమ్మం ఎవడు ఎక్కుతాడు?"

"అందుకే మీరు చెప్తే నమ్ముతారు. మీకే నష్టం తెచ్చే మాట కాబట్టి."

"నలభై ఏళ్ల పేరే ఇది."

"ఆ పేరు ఎవరికిస్తారు? మనకేమన్నా పిల్లాపీచూ ఉన్నారా, పంచిపెట్టడానికి? అయ్యో, అనకుండా ఉండాల్సింది."

"అన్నావుగా."

"అన్నాను."

"పప్పు మాడుతోంది, పో."

"మాడనివ్వండి."

"చెక్క ఎంత చెడినా ఆ దూరానికి జానెడు పోతుందే. మూరెడు పోదు. ఆ పిల్ల తండ్రి దగ్గర నేర్చుకున్న పిల్ల, ఆ మాత్రం తెలుసు దానికి."

"తమ్ముడు నేల మీద పడుంటే మూర వేసి కొలిచిందా? చూసి చెప్పింది. ఆ చూపులో జానెడు మూరెడైంది, అంతే. మీరు జానెడంటే జానెడే అనుకుంటుంది. అరె, ఎక్కడికి వెళ్తున్నారు?"

"మైదానానికి. ఇంకో అట్ట కావాలి."

మేస్త్రి రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. భోజనం చెయ్యలేదు.

"ఇదేంటండీ, నల్ల చుక్క వదిలేసి ఇంత ఎడంగా కొట్టారు?"

"కావాలనే."

"ఐదూ ఎడమకేనా?"

"అంతే మరి. ఒక్కచోట పడితే అనుమానం వస్తుందని కాస్త చెదరగొట్టా. రెండోది చూడు, చుక్క అంచు తాకేసింది. చెయ్యి మాట వినలేదు. ఇన్నేళ్లు తగలాలని కొట్టిన చెయ్యి."

"ఇది ఆ పిల్ల తెచ్చినప్పటి అట్ట అంటారా?"

"అంటా. మొదటిది పొయ్యిలో పడెయ్యి."

"ఒకే చిల్లున్నదా? నేను దాస్తాను."

"పొయ్యిలో పడెయ్యమన్నా. చిన్న ఉలి ఇవ్వు."

"ఉలి ఎందుకు?"

"పాత బెడ్డింగ్ తవ్వాలి."

"తవ్వడమెందుకు? బాగానే ఉందిగా. కొత్తది వేశానని చెప్పి ఇచ్చెయ్యండి."

"ఇంటికెళ్లి మర విప్పి చూస్తుంది. తండ్రి కూతురు, చూడకుండా ఉండదు. పాతదే కనిపిస్తే? ఉలి ఇవ్వు."

"ఇదిగో."

"ఇటు చూడు. ఇనుము మీద కొట్టిన నంబరు కూడా ఇక్కడ తిరగబడి అచ్చుపడింది. ఎనిమిది, సున్నా, మూడు. ఎంత దగ్గరగా కూర్చుందో చూడు. నాలుగు రోజులు పట్టింది దీనికి."

"తవ్వండి."

"తవ్వుతున్నా."

"బాధగా ఉందా?"

"ఏమీ లేదే. ఏమైనా అనిపిస్తుందేమో అని చూస్తున్నా. అనిపించట్లేదు. ఎవరిదో చెక్క తవ్వుతున్నట్టుంది."

"ఉలి ఆపకండి, ఆపితే ఇంక చెయ్యరు."

"ఆపట్లేదు. ఇదిగో, చివరి ముక్క."

"అయిపోయిందా? జిగురు కలపనా?"

"రెండు డబ్బాల్లోంచీ సమంగా తియ్యి. చెక్కపొడి చిటికెడు వెయ్యి, చెక్క రంగుకి వస్తుంది."

"ఇనుముకి మైనం రాశారా?"

"రాశా."

"మర తొర్రలకి?"

"రాశా."

"నన్ను చూసి చెప్పండి."

"...రాయలేదు."

"ఏంటండీ ఇవాళ మీరు! మైనం లేకుండా పోస్తే ఇనుమూ చెక్కా చచ్చేదాకా విడిపోవని నాకు చెప్పింది మీరే. ఆ పిల్ల తుపాకీ తగలెట్టేద్దామనా?"

"ఇలా ఇవ్వు మైనం. రాస్తా. ఇదిగో రాశా. ఇప్పుడు జిగురు పొయ్యి. నెమ్మదిగా. గాలి బుడగ రాకూడదు."

"మరలు బిగించకండి."

"నాకు చెప్తున్నావా?"

"ఇవాళ చెప్పాలి. వేలితో తిప్పి వదిలెయ్యండి, ఇనుము దాని బరువుకి అదే కూర్చోవాలి. బిగించి ఆరబెడితే—"

"బిగించి ఆరబెడితే ఆ వంపు అలాగే గట్టిపడిపోతుంది. ఇంక జన్మలో సరికాదు... ఆగు. అదే."

"ఏది?"

"అదే చెప్తా. రెండేళ్ల కిందట తొందరపడి, మరలు బిగించేసి ఆరబెట్టానని. పని నేర్చుకునేవాడు చేసే తప్పు. ఆ పిల్లకి వెంటనే అర్థమవుతుంది, వాళ్లమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పొచ్చు."

"మీరు ఎప్పుడైనా చేశారా ఆ తప్పు?"

"పని నేర్చుకునేటప్పుడు కూడా చెయ్యలేదు."

అమ్మాయి చెప్పిన రోజుకు చెప్పిన వేళకే వచ్చింది. మేస్త్రి భార్య కుర్చీ ఖాళీ చేసి, తుడిచి, సిద్ధంగా ఉంచింది.

"కూర్చో తల్లీ. ఇవాళ కూర్చోవాల్సిందే."

"చూశారా మేస్త్రిగారూ?"

"చూశానమ్మా. ముందు టీ తాగు."

"చెక్కదా, నాదా?"

"చెప్తా. నువ్వు కూర్చుంటే చెప్తా."

"కూర్చున్నాను."

"నీది కాదు. చెక్కది. అసలు చెక్కది కూడా కాదు, నాది."

"మీదా?"

"రెండేళ్ల కిందట బెడ్డింగ్ వేసినప్పుడు మరలు బిగించి ఆరబెట్టేశాను. బిగించకూడదు, నీకు తెలుసుగా. వంపుతోనే గట్టిపడిపోయింది. ఎండాకాలం పర్లేదు. ఈ వానలకి చెక్క ఉబ్బి, ఆ వంపు మీద ఇంకా నెట్టింది. గూడు చెడింది. తూటా పక్కకి పోయింది."

"మీరు బిగించారా? మీరా?"

"నేనే. వయసు మీద పడింది. ఆ రోజు ఏదో ధ్యాసలో ఉన్నాను."

"నాన్న అనేవాడు, మేస్త్రి పనిలో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని."

"మీ నాన్నకి నేనంటే అభిమానమమ్మా. అభిమానానికి కళ్లుండవు."

"ఈయన మొండిమనిషి తల్లీ, తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈసారి ఒప్పుకున్నాడంటే చూడు మరి."

"ఇదిగో అట్టలు. ఇది నువ్వు తెచ్చిన మర్నాడు కొట్టింది. గురి నల్ల చుక్క మీదే పెట్టాను. ఐదూ ఎక్కడ పడ్డాయో చూడు. ఇది పాత బెడ్డింగ్ తవ్వేసి కొత్తది పోశాక ఇవాళ పొద్దున కొట్టింది. ఐదూ చుక్కలోనే. తేడా నువ్వే చూడు."

"ఊఁ."

"ఈ రెండు అట్టలూ మీ అమ్మగారికి చూపించు. పక్కపక్కన పెట్టి చూపించు. ఎవరికైనా అర్థమవుతుంది."

"నేను ఊపిరి ఆపాను మేస్త్రిగారూ."

"ఆపావమ్మా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు."

"మెడ మీదే పెట్టాను."

"మెడ మీదే పెట్టావు. తుపాకీ వినలేదు."

"అయితే నా చెయ్యి కాదు."

"నీ చెయ్యి కాదు."

"నీ చెయ్యి కాదు తల్లీ. ఇంకోసారి అను. నోటితో అను."

"నా చెయ్యి కాదు."

"అదీ!"

"అమ్మకి నేను చెప్తే... మళ్లీ గోడ చూస్తుందేమో."

"నేను వస్తానమ్మా. ఇప్పుడే వస్తా, నీతోపాటే. చొక్కా మార్చుకుంటా, అంతే. మీ అమ్మగారి ఎదురుగా నిలబడి చెప్తా, తిడితే తిట్టించుకుంటా. ఏమే, నా తెల్లచొక్కా తియ్యి."

"తీసే ఉంచాను."

"మిమ్మల్ని తిడుతుందేమో మేస్త్రిగారూ. అందరూ తిడతారేమో. దుకాణానికి ఎవరూ రారేమో."

"రాకపోతే పోనీ. కళ్లు కూడా మసకబారాయి, ఇంక చాలు."

"నాకు ఆకలేస్తోందండీ."

"ఏమన్నావు తల్లీ?"

"ఆకలేస్తోంది. చాలా ఆకలేస్తోంది."

"విన్నారా! ఆకలేస్తోందిట! ఉండు, అన్నం పెడతా, తినే వెళ్దువుగాని. ఏమండీ, మీరు కాస్త ఆగండి, పిల్ల తినేదాకా ఎవరూ కదిలేది లేదు. ఏడుపొస్తే ఏడువమ్మా, తింటూ ఏడువు, ఏం ఫర్వాలేదు."

"అట్ట ఇలా ఇవ్వండి మేస్త్రిగారూ. మొదటిది."

"ఇదిగో. ఇంకా ఏంటమ్మా చూస్తున్నావు?"

"ఐదూ ఇటువైపే పడ్డాయి."

"అవును, ఎడమకి. కుడి నుంచి చెక్క నెడుతోంది కాబట్టి ఇనుము ఎడమకి ఒరుగుతుంది. దాని గుణం అది."

"జానెడు."

"జానెడు. ఒక్కోసారి చెక్క తడిని బట్టి ఇంకాస్త. మంచుపూట మూరెడు పోయినా పోతుంది."

"ఒక్కటైనా కుడికి పోదా?"

"పోదు. ఆ వంపుకి కుడికి పోవడమన్నది లేదు. వంద కొట్టు, వందా ఎడమకే. అందుకే అంటున్నా, ఇందులో నీ చెయ్యి లేదని. నా మాట నమ్ము."

"మీ మాట నమ్ముతాను. మంచె మీంచి చూస్తే, మా చిన్నోడు పందికి కుడిపక్కన ఉన్నాడు."